సీసాలో తెల్ల డీజిలు

నరసాపురం బస్సులో నా పక్క సీటు పెద్దాయన ఒడిలో మజ్జిగలా తెల్లటిదేదో నింపిన సీసా ఉంది. ఎండలో నిలబడి నిలబడి ఎక్కానేమో, నా చూపు దాని మీదే పడింది.

"మజ్జిగ కాదండి, డీజిలు," అన్నాడు అలసటగా.

గోదావరి దాటించే పంటు మీద ఇంజను నడుపుతాడట. ఆ పొగకే గొంతు పాడైందట. డీజిల్లో నీళ్ళూ ఏదో మందూ వేసి చిలికితే ఇలా తెల్లగా అవుతుందనీ, పొగ తగ్గుతుందనీ కాలేజీవాళ్ళు వచ్చి ఇంజన్లో పోసి చూపించారట.

"తగ్గిందాండీ?"

"తగ్గిందండి." దగ్గాడు. "ముప్పై ఏళ్ళు డీజిల్లో చుక్క నీరు పడనివ్వలేదండి. రోజూ పంచెగుడ్డలో వడకట్టేవాణ్ణి. డ్రమ్ముకి మూత పెట్టక వాననీళ్ళు పడ్డాయని మా బావమరిదిని పనిలోంచి తీయించేశాను. అప్పట్నించీ మాటల్లేవు."

"ఉత్త నీళ్ళు పడితే ఇంజను పాడయ్యేదే కదండీ?"

"పాడయ్యేదేనండి. నా తప్పేం లేదు." సీసా తలకిందులు చేసి, నీరు విడిపోలేదని చూసుకున్నాడు. "అయినా ఇది వాడికి చూపిద్దామని వాడి ఊరు బయల్దేరాను."

కాసేపటికి బస్సు ఆగింది. "బాబాయ్ గారూ, మీరు దిగాల్సిన ఊరొచ్చిందండి!" కండక్టరు రెండుసార్లు కేకేశాడు.

పెద్దాయన లేవలేదు. "తర్వాతి స్టాపులో దిగుతాను," అన్నాడు.

అక్కడా దిగలేదు. నేను దిగేటప్పటికి సీసాని ఇంకా అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.