రాట్నం వదలని నెలలు

సాయంత్రం గ్రౌండు పక్కన బండి మీద పల్లీలు వేయిస్తుంటే, ఆ వాసనకు నాకు మా డ్రిల్ టీచర్ ప్రమీల గుర్తొస్తుంది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం గ్రౌండు ఆ చివరికి వినపడేది. ఎనభైల్లో, ఆడపిల్ల పరిగెత్తితే వీధంతా వింతగా చూసే రోజుల్లో, ఆమె వరంగల్ కొత్తవాడలోని మా ఇంటికి వచ్చి, అమ్మను ఒప్పించి నన్ను పరుగుపందేల్లో దించింది. "ఒళ్లు తేలిగ్గ ఉండాలె బిడ్డా" అనేది. ఆ మాట పట్టుకొని నేను అన్నం తగ్గించేశాను. చాయ్ నీళ్లతోనే పరిగెత్తేదాన్ని. రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ పోవాలి, అదే నా లోకం.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాన్న మగ్గం మీద కూర్చుంటే అమ్మా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లం. ముట్టయితే నూలు తాకకూడదు, వెనక వసారాలో కూర్చోవాలి. అందుకే మా ఇంట్లో అది దాగే సంగతి కాదు. నెలల తరబడి నేను రాట్నం వదలడం లేదని అమ్మ కనిపెట్టింది. నాకైతే ముట్టు ఆగడం పీడ విరగడైనట్టే అనిపించింది. ఒకరోజు తెల్లవారుజామున ప్రాక్టీసుకు బయల్దేరుతుంటే, అమ్మ తలుపు గొళ్లెం పెట్టి నా జబ్బ పట్టుకుంది.

"నిజం చెప్పు. ఎవడు వాడు?"

అర్థమయ్యాక సిగ్గుతో తల దించుకున్నాను. దాన్నే అమ్మ ఒప్పుకోలు అనుకుంది. నాన్నకు తెలిస్తే చంపేస్తాడని ఏడుస్తూనే, కడుపు పోవడానికి మందిచ్చే ముసలమ్మ దగ్గరకు పోదామని చీర మార్చుకుంది. నేను గ్రౌండుకు రాలేదని టీచర్ వెతుక్కుంటూ రాకపోతే ఏమయ్యేదో.

అమ్మ చెప్పిందంతా ఆమె గడపలో నిలబడి విన్నది. తర్వాత నా వైపు తిరిగి, "నిన్న ఏం తిన్నవ్?" అని అడిగింది. చాయ్ అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. మా ఇద్దరినీ రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ లోపల నన్ను పరీక్షించినంతసేపూ అమ్మ బయట కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. కడుపు కాదన్నది డాక్టరమ్మ. పరుగు మితిమీరి తిండి చాలకపోతే కొందరికి నెలసరి నిలిచిపోతుందని, అలాగే వదిలేస్తే మంచిది కాదని చెప్పింది. అమ్మ నన్ను పట్టుకొని గొల్లుమంది. టీచర్ అమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"తప్పు నాది అక్కా. ఉరికిచ్చిన గని, తిన్నదా లేదా అడగలె."

అంతటితో ఆగలేదు, పోటీల నుంచి నా పేరు తీసేసింది. కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. అమ్మ అనుమానం కన్నా అదే నన్ను ఎక్కువ కోసింది. టీచర్ రోజూ సాయంత్రం వచ్చి పల్లీలు, బెల్లం నా ఒళ్లో పోసి, తినేదాకా కదిలేది కాదు. నేను ముఖం తిప్పుకొని నమిలేదాన్ని.

చాలా రోజులకు ఒకనాడు రాట్నం వదిలి వసారాలో కూర్చున్నాను. టీచర్ వచ్చి నన్నక్కడ చూసి, అంటు అని కూడా చూడకుండా పక్కన కూలబడి ఏడ్చింది. తర్వాత పొట్లం విప్పి, "తిను. సోమవారం గ్రౌండుకు రా" అంది.

హైదరాబాద్ పోటీలు మళ్లీ నాకు అందలేదు. ఇప్పుడు నేనే పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి ఏం తిన్నారని, నెలసరి వస్తోందా అని అడుగుతాను. సిగ్గుపడి నవ్వుతారు. నిన్న ఒకమ్మాయి నవ్వలేదు, తల దించుకుంది. ఈసారి పోటీలకు పంపనని చెప్పాను. నన్ను పగవాళ్లను చూసినట్టు చూసింది. బండి దగ్గర పల్లీల పొట్లం కొని ఆమె ఒళ్లో పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాను.