పగడాల పాఠం, పచ్చి మామిడికాయ

ఉద్యోగం ఊడే అంచుదాకా నేను వెళ్లింది ఇప్పటికి రెండుసార్లు. మొదటిసారి తప్పు ప్రింటర్‌ది కాబట్టి వదిలేద్దాం. రెండోసారి తప్పు మొత్తం నాదే. పైగా దాన్ని ముప్పైమంది పిల్లల ముందు, స్లైడ్లతో సహా చేశాను.

మాది మధిర. ఇంజనీరింగ్ అయ్యాక, బడుల్లో డిజిటల్ తరగతులు పెట్టే కంపెనీలో ఆరు నెలల ట్రయల్ మీద చేరాను. చివరి పరీక్ష భద్రాచలం దాటాక అడవి అంచునున్న ఒక పల్లె బడిలో. నేను నమూనా పాఠం చెప్పాలి, బడి కమిటీ చైర్మన్ ముత్తమ్మ ఫారం మీద సంతకం చేయాలి. సంతకం పడితే ఉద్యోగం పర్మినెంటు. పడకపోతే నాన్న ఎరువుల దుకాణంలో యూరియా బస్తాల పక్కన కుర్చీ.

గంట ముందే వెళ్లి ప్రొజెక్టర్, స్పీకర్, అదనపు వైరు, అన్నిటికీ జాబితాలో టిక్కు పెట్టుకున్నాను. బడి వెనక మామిడిచెట్టు విరగకాసి ఉంది. కాయలు చేతికందుతున్నాయి, ఒక్కటీ కోసిన జాడ లేదు. నా ఇంజనీరు బుర్ర వెంటనే తేల్చేసింది: ఈ ఊరివాళ్లకు పులుపు పడదు. నవ్వకండి, అప్పుడది నాకు చాలా శాస్త్రీయంగా తోచింది. రెండు కాయలు కోసి, ముక్కలకు నా టిఫిన్ డబ్బాలోని కారప్పొడి అద్ది, లాప్‌టాప్ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను.

పాఠం పగడపు దిబ్బల మీద. ఆస్ట్రేలియా పక్కన సముద్రంలో రెండు వేల కిలోమీటర్లకు పైగా సాగే, ప్రపంచంలోకెల్లా పెద్ద దిబ్బ గురించి. గోరంత జీవులు వేల ఏళ్లుగా కట్టుకున్న ఊరు అది. నీళ్లు కాస్త వేడెక్కినా దిబ్బలు పాలిపోతాయని, పడవ లంగరు తగిలితే విరుగుతాయని, కొన్నిచోట్ల ఏదీ ముట్టకూడదని హద్దులు పెట్టారని చెప్పాను. మధ్యమధ్యలో ఒక ముక్క నోట్లో వేసుకుంటున్నాను. గదిలో ఒక్కరూ కదలడం లేదు. నా గొంతుకు ఇంత మహిమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఊపొచ్చి, "ఒక్కటే కదా అని ప్రతివాడూ తెంపుకుపోతే ఏం మిగులుతుంది?" అని అడిగి, ఇంకో ముక్క కరకర నమిలాను.

వెనక బల్ల మీంచి ముత్తమ్మ లేచింది.

"సారూ, ఆడ హద్దు దాటి తెంపితే ఏం జేస్తరు?"

"జరిమానా వేస్తారమ్మా."

"మంచిగున్నది. మరి మా చెట్టుకాయ ఎవర్నడిగి తెంపినవ్?"

ఏటా కొత్త కాయకు చేసే 'కొత్త పండుగ' జరిపి, తొలికాయ దేవతకు పెట్టేదాకా ఊళ్లో ఎవరూ మామిడికాయ ముట్టరని ఆమె నిదానంగా చెప్పింది. కాయ ముదరాలి, టెంక గట్టిపడాలి. అప్పటిదాకా చిన్నపిల్లలైనా ఆగుతారట.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

"అవ్, లంగరేసేటోళ్లు గూడ గట్లనే అంటరు గదా."

పిల్లలు అప్పుడు కదిలారు. నవ్వడానికి.

పండుగయ్యాకే సంతకం అని ఫారం సంచిలో వేసుకుని ఆమె వెళ్లిపోయింది. పండుగకు ఇంకా మూడు వారాలుంది; అన్నాళ్లూ కంపెనీకి 'సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం' అని మెయిళ్లు పెట్టాను. పండుగనాడు వెళ్తే ముత్తమ్మ నా చేతిలో మామిడి ముక్క పెట్టి, ఫారం ఇచ్చింది. సంతకం ఉంది. కింద అభిప్రాయం గడిలో గుండ్రటి అక్షరాలు: "పాఠం మంచిగున్నది. సారుకు గూడ ఎవరన్న చెప్తే బాగుంటది."

మా మేనేజరు దాన్ని మీటింగులో పైకి చదివి మరీ నన్ను పర్మినెంటు చేశాడు. కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఊళ్లోనైనా కాయ చేతికందితే ముందు చేతులు వెనక్కి కట్టుకుంటాను, తర్వాత ఊరివాళ్లను అడుగుతాను, ఆ తర్వాతే కారప్పొడి మూత తీస్తాను.