లీటరున్నర ఇంజను, నలభై తేనెటీగల పెట్టెలు

ఆ షెడ్డుకు వచ్చిన ఏ బండికైనా ముందుగా దక్కేది ఒక ఛీత్కారం. మేస్త్రి బానెట్ ఎత్తుతాడు, మెడ వంచి లోపలికి చూస్తాడు, ముఖం చిట్లించి "ఛీ" అంటాడు, ఆ తర్వాతే పానా అందుకుంటాడు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. అందుకే అతన్ని అందరూ ఛీ మేస్త్రి అంటారు. ఎదురుగా అనరు గానీ, అన్నా అతను పట్టించుకునే రకం కాదు. దేన్నీ అసహ్యించుకోకుండా హాయిగా బతికేవాళ్లను చూస్తేనే అతనికి ఒళ్లు మండుతుంది.

అసహ్యించుకోవడానికి కారణాలు మాత్రం రోజూ వాటంతట అవే వచ్చి షెడ్డు ముందు ఆగేవి. ఆయిల్‌లో నీళ్లు కలిసి మజ్జిగలా తెల్లబడినా, నెల రోజులు అలాగే తిప్పి తెచ్చేవాడు ఒకడు. ఎర్రదీపం వెలిగితే దాని మీద నల్ల టేపు అంటించి తెచ్చేవాడు ఇంకొకడు. ఇంజను కనబడకుండా ప్లాస్టిక్ మూత బిగించి పంపే కంపెనీలంటే సరేసరి. ఆ మూతలన్నీ విప్పి గోడవార గుట్టగా పడేసేవాడు. సాయంత్రం చేతులు కిరోసిన్‌తో, రంపపుపొట్టుతో రుద్దుకుని ఇంటికి పోతే, ఇంటావిడ ముక్కు మూసుకుని, "ఆ ఛీ ఏదో గుమ్మం బయటే అనేసి లోపలికి రండి" అనేది.

అన్నిటికన్నా అతనికి రోత పుట్టించేది చిన్న డీజిల్ ఇంజనుకు పెద్ద బరువు తగిలించడం. బల్లచదును రోడ్డు మీద చిన్న ఇంజను పరుగెడుతుంది, డీజిల్ తక్కువ తాగుతుంది, దాని బరువులో అది ఉంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది కూడా. అంతవరకు అతనూ ఒప్పుకుంటాడు. వెనక ట్రాలీ కట్టి కొండ ఎక్కించినప్పుడే దాని రంగు బయటపడుతుందని అతని వాదన. పెద్ద ఇంజను నింపాదిగా తిరుగుతూనే లాగుతుంది. చిన్నది అదే బరువు లాగాలంటే గొంతు చించుకోవాలి. టర్బో ఊది ఊది, వేడెక్కి వేడెక్కి, ప్రతి మలుపులోనూ తన దగ్గరున్నదంతా పెట్టేయాలి. ఇక దాచుకున్నదంటూ ఏమీ ఉండదు.

ఇదంతా అతను ఎవరికి చెప్పినా చెప్పకపోయినా బావకు మాత్రం వందసార్లు చెప్పాడు. బావ అంటే అక్క మొగుడు. నవ్వుముఖం, మంచి మనిషి, కొత్త వస్తువు కనబడితే ఆగలేడు. పద్నాలుగేళ్లుగా అక్క తేనెటీగలను మోసిన పాత ట్రక్కును అమ్మేసి, లీటరున్నర ఇంజనున్న పికప్ బండి, పెట్టెల కోసం దాని వెనక కట్టే ట్రాలీ కొనుక్కొచ్చాడు. ఆ పాత ట్రక్కుది నాలుగు లీటర్ల ఇంజను. దాన్ని రెండుసార్లు ముక్కముక్క విప్పి బిగించింది మేస్త్రే.

"కాగితం చూడు బామ్మర్దీ. దీనికి నూటపది గుర్రాల బలం. మన పాతదానికి తొంభై కూడా లేవు."

"ఆ నూటపదీ ఎప్పుడొస్తాయి బావా? ఇంజను గగ్గోలు పెడుతున్నప్పుడు వస్తాయి. కొండ మీద మలుపు తిరిగి మళ్లీ లాగేటప్పుడు ఎన్నుంటాయో కాగితంలో రాశారా? పాతదాని రేడియేటర్‌కు పన్నెండు లీటర్ల నీళ్లు పట్టేవి. దీనికి ఆరు. వేడెక్కితే ఆ ఆరు ఏ మూలకొస్తాయి?"

"ఏసీ కూడా ఉంది" అన్నాడు బావ.

మేస్త్రి ఛీ అని లేచి వచ్చేశాడు. మూడు నెలలు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

అక్కంటే అతనికి ప్రాణం. రెండు పెట్టెలతో మొదలుపెట్టి నలభై చేసింది ఆవిడ. ముఖానికి వల కూడా కట్టుకోకుండా వాటికి సేవ చేస్తుంది. కింద పూత అయిపోగానే పెట్టెలను కొండ మీదికి చేర్చాలి, లేకపోతే ఈగలకు తిండి ఉండదు. పెట్టెల గుమ్మాలకు జాలీ బిగించి, తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు పైన దించేయాలి. బండి కదులుతున్నంతసేపు పెట్టెల్లో గాలి ఆడుతుంది. ఎండలో ఆగిందంటే లోపల మైనం మెత్తబడుతుంది, తేనెపట్లు జారిపోతాయి, ఈగలు తమ తేనెలోనే మునిగి చస్తాయి. అందుకే ఆవిడకు ఏడాది మొత్తం ఒక ఎత్తు, ఆ నాలుగు గంటలు ఒక ఎత్తు.

ప్రతి ఏడూ ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మేస్త్రి నీళ్ల పైపు, పొడుగాటి బ్రష్షు పట్టుకుని వెళ్లి, పాత ట్రక్కు ముందు గంటసేపు గొంతుక్కూర్చునేవాడు. ఛీ ఛీ అంటూ ఏదో కెలికేవాడు. బావ నవ్వుకునేవాడు, అక్క కాఫీ ఇచ్చేది. ఏం చేస్తున్నావని వాళ్లు అడగలేదు, ఇదీ సంగతని అతనూ చెప్పలేదు.

ఈసారి అక్క ఫోన్ చేసింది. "రేపు తెల్లారగట్ల బయల్దేరుతున్నాం రా. ఒకసారి వచ్చి బండి చూసి వెళ్లు."

"ఆ డబ్బా బానెట్ మీద నేను చెయ్యి వెయ్యను. కొన్నాయన్నే చూసుకోమను."

"ఆయనకేం తెలుసురా?"

"తెలియకుండానే కొన్నాడా?"

అక్క "సరేలే" అని పెట్టేసింది.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు మళ్లీ ఫోన్ మోగింది. "కొండ సగంలో ఆగిపోయాం రా. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. మీ బావ చల్లారబెట్టి రెండుసార్లు తీశారు, పది గజాలు పోయి మళ్లీ ఆగింది. పెట్టెల మీదికి ఎండ వచ్చేసింది."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మేస్త్రికి ముందు కలిగింది సంతోషం. నేను చెప్పలేదా అన్న పాడు సంతోషం. ఆ తర్వాతే పెట్టెలు గుర్తొచ్చాయి. షెడ్డు వెనకున్న క్రేన్ లారీ తీశాడు. ఆరు సిలిండర్ల ముసలి లారీ, ఎత్తుకు నెమ్మదిగా ఎక్కుతుంది గానీ ఎక్కడా ఆగదు. దారి పొడవునా బావకు చెప్పాల్సిన మాటలు నోట్లో నూరుకుంటూనే ఉన్నాడు.

చేరేసరికి వాసన ఎదురొచ్చింది. కాగిపోయిన రేడియేటర్ నీళ్ల వాసన, కరిగిన మైనం వాసన కలిసి వాంతి వచ్చేలా ఉంది. ట్రాలీ చెక్కల సందుల్లోంచి తేనె రోడ్డు మీదికి కారుతోంది. ఒక పక్క పెట్టెలు హోరెత్తిపోతున్నాయి. ఎండవైపు పెట్టెలు మాత్రం చప్పుడు చేయడం లేదు. బావ తాగే నీళ్ల సీసాలు వాటి మీద ఒంపుతున్నాడు. అక్క జాలీలు ఒక్కొక్కటే పీకుతోంది. చేతులు ఈగలు కుట్టి వాచిపోయినా చూసుకోవడం లేదు.

ముగ్గురూ కలిసి ట్రాలీని పికప్ నుంచి విప్పి లారీకి తగిలించారు. లారీ దాన్ని అలవోకగా లాక్కెళ్లి మలుపు అవతల కొండనీడలో నిలబెట్టింది. అక్క మూతలు తెరిచి చూసింది. ఎండవైపు వరస మొత్తం, పద్నాలుగు పెట్టెలు, నల్లటి ముద్దలైపోయాయి. మొదటి రెండు పెట్టెల సంతతి కూడా వాటిలోనే ఉంది.

బావ వచ్చి మేస్త్రి ముందు నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు. "నువ్వు చెప్పావు. నేను వినలేదు. చిన్న ఇంజను. తప్పంతా నాదే."

మూడు నెలలుగా మేస్త్రి ఎదురుచూసిన మాట అది. తాపీగా వెనక్కి నడిచి వెళ్లి, మొదటిసారి ఆ పికప్ బానెట్ ఎత్తాడు. ఛీ నోటిదాకా వచ్చింది. ప్లాస్టిక్ మూత పీకి అవతల పారేశాడు. ముందున్న ఏసీ జల్లెడకూ వెనకున్న రేడియేటర్‌కూ మధ్య సందులోకి వేళ్లు దూర్చాడు.

మెత్తగా తగిలింది. లాగితే ముద్దగా వచ్చింది. తేనెతో అతుక్కుని దుప్పటిలా పేరుకున్న చచ్చిన తేనెటీగలు. మూడు నెలల పూతకాలంలో ఈ బండి రోజూ పెట్టెల మధ్యే తిరిగింది. గాలి దూరడానికి సూదిమొనంత సందు కూడా మిగల్లేదు. పాత ట్రక్కు ముందు ఏటా గంటసేపు కూర్చుని బ్రష్షుతో తీసింది వీటినే. ఈ పని ఒకటుందని తెలిసినవాడు తనొక్కడే.

ముద్దను పక్కనున్న లోయలోకి విసిరేస్తే ఎవరికీ తెలియదు. బావ అప్పటికే తప్పు నెత్తిన వేసుకున్నాడు. మేస్త్రికి ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ముద్దను అరచేతిలో పెట్టుకుని అక్క దగ్గరికి నడిచాడు.

"ఇది రేడియేటర్‌లో ఉందక్కా. ఏటా నేను తీసేవాణ్ని. ఎప్పుడూ మీకు చెప్పలేదు."

అక్క అతని చేతిలోకి చూసింది.

"పెద్ద ఇంజనైతే ఇంత మురికి పట్టినా ఎలాగోలా ఈడ్చుకొచ్చేది. ఇది ఓర్చుకోలేదు. ఓర్చుకోలేదని నాకు తెలుసు. తెలిసే రాలేదు."

ఆవిడ ఒకసారి పద్నాలుగు పెట్టెల వైపు, ఒకసారి తమ్ముడి ముఖం వైపు చూసింది. వాచిన చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఛీ" అంది.

గట్టిగా కూడా అనలేదు. అనేసి, మిగిలిన పెట్టెల మీద నీళ్లు చల్లడానికి వెళ్లిపోయింది. రోజుకు వందసార్లు ఆ మాట అనే మనిషి లారీలోంచి బ్రష్షు తీసుకుని, ఆ చిన్న బండి ముందు గొంతుక్కూర్చుని, నోరెత్తకుండా తోమడం మొదలుపెట్టాడు.