మధ్యాహ్నం దాటిన పదును

మా ఆసుపత్రి క్యాంటీన్ వెనక సందులో కత్తులకు సాన పట్టే ఆయనను అందరూ మాస్టారు అంటారు. బడి మొహం చూసిన మనిషి కాదు. కత్తి చేతికిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పిగాని వదలరు. అందుకే ఆ పేరు.

ఆ రోజుల్లో నాకు ఆ పాఠాలు వినే ఓపిక ఎక్కడిది! పొద్దున ఆరింటికల్లా మూడు వందల మందికి సరిపడా కూరగాయలు తరగడం మొదలుపెట్టాలి. ఏడాదిగా ఏమొచ్చిందో, పదింటికల్లా కత్తి మొద్దుబారేది. నొక్కి నొక్కి కుడి మణికట్టు ఉబ్బిపోయింది.

"నెలాఖరు దాకా చూస్తానమ్మా. ఇలాగే ఆలస్యమైతే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు," అన్నాడు సూపర్‌వైజర్.

ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసిన పని ఇదొక్కటే. ఆ కోపమంతా తీసుకెళ్ళి మాస్టారి మీద గుమ్మరించాను.

"రోజూ సాన పడతారు, ఒక్క పూట ఆగదు! నా చెవిలో పువ్వులు పెడుతున్నారా?"

ఇంకొకరైతే కత్తి నా మొహాన కొట్టేవారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "తప్పు సానదో, ఇనుముదో తేల్చేద్దాం చెల్లెమ్మా. రేపు పనయ్యాక రా," అన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి మందపాటి చెక్క ఒకటి వేసుకుని కూర్చున్నారు. పక్కన రెండు కత్తులు. నాదీ తీసుకుని మూడింటికీ ఒకేలా సాన పట్టారు. ఒకటి నాది. రెండోది తళతళలాడే, తుప్పు పట్టని రకం. మూడోది ఇనుము కోసే పాత రంపం బ్లేడుతో ఆయనే చేసుకున్నది, నల్లగా, చూడ్డానికే అసహ్యంగా ఉంది. జనపనార తాడును చెక్క మీద పెట్టి కోస్తూ పోయారు. పది కోతలకోసారి కత్తిని పాత పేపరు అంచు మీద లాగేవారు. పేపరు తెగకుండా చిరిగితే ఆ కత్తి ఓడినట్టే. నాది నలభైకి చేతులెత్తేసింది. తళతళల కత్తి తొంభైకి. నల్లది రెండు వందలు దాటినా పేపరును సుతారంగా కోస్తూనే ఉంది.

"ఇది తీసుకుపో. తుడిచి పెట్టుకో, కింద మాత్రం పడెయ్యకు," అన్నారు.

ఎగురుకుంటూ పనికి వెళ్ళాను. పదకొండింటికి ఆ కత్తీ మొండికేసింది. పైగా అంచంతా పళ్ళు పళ్ళుగా లేచిపోయింది. ఏడుపొచ్చింది. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులే.

ఈసారి తిట్టే ఓపిక కూడా లేదు. కత్తి చూపించాను. ఆయన అంచును గోటితో తడిమి చూశారు.

"ఇది కూరగాయల పని కాదు. నువ్వెక్కడ తరుగుతావో చూపించు, పద," అని సాన వదిలేసి నా వెంట వచ్చారు.

వంటగదిలో గ్రానైటు గట్టు చూడగానే నెత్తి కొట్టుకున్నారు.

"దీని మీదా! నువ్వు తరుగుతున్నది కూరగాయలు కాదు, బండ!"

"పోయినేడు చెక్కబల్ల తీసేసి ఇది వేశారండీ, శుభ్రంగా ఉంటుందని."

"నాదే తప్పు చెల్లెమ్మా. చెక్క మీద పరీక్ష పెట్టి ఇనుముకు మార్కులేశాను. రాయి మీద ఎంత మంచి ఇనుమైనా పరీక్ష తప్పుతుంది."

సాయంత్రానికి తాడు కోసిన ఆ చెక్కకే చిత్రిక పట్టి, కడిగి తెచ్చిచ్చారు. నల్ల కత్తికి మళ్ళీ సాన పట్టారు. మర్నాడు ఒంటిగంటకు కూడా టమాటా తొక్క జారకుండా తెగింది. నెలాఖరున సూపర్‌వైజర్ వచ్చి, పదకొండింటికే నిండిన గిన్నెలు చూసి, మర్నాటి కూరగాయల లెక్క చెప్పి వెళ్ళిపోయాడు. మణికట్టు వాపు నెమ్మదిగా దిగింది.

ఇది జరిగి ఆరేళ్ళు. రోజూ సానకు వెళ్ళే నేను ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాను. ఆయన రోజూ వచ్చే బేరాన్ని చేతులారా పోగొట్టుకున్నారని అప్పుడు నాకు తట్టనే లేదు. తట్టాక సిగ్గుతో చచ్చిపోయాను. ఈ చేత్తో నేను తినే ప్రతి ముద్దా ఆయన చలవే.

అందుకే పదునున్నా అప్పుడప్పుడు కత్తి పట్టుకెళ్తాను. ఆయన గోటి మీద ఆనించి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేస్తారు.

"పదునున్న కత్తికి సాన పడితే ఇనుము ఊరికే అరిగిపోతుంది. నీకింకా చాలా ఏళ్ళు రావాలిది. పో, పని చూసుకో!"