తుంగకుంటలో పన్నెండో నగరం

మా ఏసుపాదం సారు దేన్నయినా పైనుంచి చూస్తే తప్ప నమ్మడు. సూర్యాపేటలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాక, ఉపగ్రహం తీసిన ఫోటోల్లో బురదనేలలు వెతికి, అక్కడి ప్రతి గట్టులోనూ ఒక ప్రాచీన నగరాన్ని కనిపెట్టే మహత్కార్యానికి పూనుకున్నాడు. అలా పదకొండు నగరాలు వెలిశాయి. వాటిలో ఒకటి కోదాడ దగ్గరి పాత ఇటుకబట్టీ అని తేలినా ఆయన లెక్క తగ్గించలేదు.

మిర్యాలగూడలో మా తమ్ముడి కూతురి పెళ్లిలో కుర్చీ ఎక్కి మరీ విస్తరిని పరిశీలించాడు. అన్నం కుప్ప చుట్టూ సాంబారు పారిన తీరు చూసి, ఇది కందకమున్న కోట అని ప్రకటించాడు.

"జర కిందికి దిగుండ్రి. కందకం సల్లారుతున్నది," అంది ఆయన భార్య శాంతకుమారి.

పన్నెండో నగరం గరిడేపల్లి అవతల తుంగకుంటలో దొరికింది. బురద మధ్య రెండు వరసల గుండ్రటి దిబ్బలు, ఒక పక్క ఖాళీ. ఆ ఖాళీకి తూర్పు ద్వారమని పేరు పెట్టాడు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ నరేష్‌ను బతిమాలి ఏడాదికి నాలుగుసార్లు డ్రోన్ ఎగరేయించి, ఆరేళ్లలో ఇరవై నాలుగు ఫోటోలు తేదీలు వేసి దాచాడు. నలభై పేజీల వ్యాసం రాశాడు. సూర్యాపేటలో దాన్ని చదవడానికి సభ కుదిరింది, కార్డులు కూడా అచ్చయ్యాయి.

ఒక్కసారి కిందినుంచి కూడా చూద్దామని నేనే ఆయన్ను లాక్కెళ్లాను. తూర్పు ద్వారంలో బర్రె నిలబడి ఉంది. దిబ్బ మీద సోమమ్మ అనే ఆమె కోసిన తుంగ ఆరేస్తోంది. ఈ దిబ్బలు ఏ కాలానివని సారు వినయంగా అడిగాడు.

"మా అత్త పోసింది సారూ. తుంగ ఆరాలె గద. చాపలల్లి హుజూర్‌నగర్‌ల అమ్ముకుంటం. ఇగ ఈ ఏడుతోటి ఖతం. ఎవలూ వాడని బురద అని చెప్పి కుంట పూడుస్తరంట, గ్రామసభ పెట్టిన్రు. వాడుతున్నమని కాయితం యాడికెల్లి తేవాలె?"

తిరుగు బస్సులో సారు నలభై పేజీలు సంచిలో కుక్కేసి, డ్రోన్ ఫోటోలు ఒళ్లో పెట్టుకుని సూర్యాపేట దాకా వాటిలో నగరాన్ని కాకుండా తుంగను వెతికాడు. చరిత్రలో ఇది మొదటిసారి.

గ్రామసభ, ఆయన సభ ఒకే రోజు పడ్డాయి. ఆయన తన సభ మానుకుని గ్రామసభకే వెళ్లాడు. ఇరవై నాలుగు ఫోటోలూ పంచాయతీ గోడకు వరసగా అంటించి, బెత్తం పట్టుకుని పాఠం మొదలుపెట్టాడు. దిబ్బ మీద పచ్చగా ఉన్నది కోసిన తుంగ, పసుపుగా ఉన్నది ఆరిన తుంగ. ఆరేళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు.

"మరి కోట ఉన్నదన్నరు గద సారూ?" అన్నారెవరో వెనక నుంచి.

"కోట లేదు. ఉన్నది సోమమ్మ అత్త," అన్నాడు సారు.

కుంట పూడ్చే మాట ఆ రోజుతో ఆగిపోయింది. సారు కూడా మొదటిసారిగా లెక్క తగ్గించి పదకొండు చేశాడు.

వారం తిరక్కుండా సోమమ్మ ఒక చాప అల్లి తెచ్చిచ్చింది. సారు దాన్ని హాల్లో పరిచి, కుర్చీ ఎక్కి, చాలాసేపు చూశాడు.

"ఏమన్న దొరికిందా?" అంది శాంతకుమారి.

"పన్నెండు," అన్నాడాయన. కుర్చీ దిగి, ఆ నగరంలోనే పడుకుని, మధ్యాహ్నమంతా నిద్రపోయాడు.