చెమట ఆరిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం తెల్లవారుతూనే మా కరీంనగర్ కాలనీ వాళ్లు కొందరు ఆదిలాబాద్ దాకా సైకిళ్ల మీద బయలుదేరుతూ, రిటైరైన మాస్టారునని నన్ను జెండా ఊపమన్నారు. వెంట నీళ్లూ మందులూ పెట్టుకున్న కారు కూడా ఉంది. అయినా జెండా ఎత్తబోయి ఆగి, ఎవరికైనా చెమట పట్టడం ఆగిపోతే అక్కడే దిగిపొమ్మని చెప్పాను. ముసలాయన చాదస్తమనుకొని నవ్వుతూ సాగిపోయారు గాని, నాకు ఆ రోజంతా మా అన్నే కళ్ల ముందు మెదిలాడు.

మా ఈడు వాళ్లకు తెలుసు, అప్పట్లో ఎంత దూరమైనా సైకిల్ తొక్కడం సరదా కాదు, గత్యంతరం లేక. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఉత్తరం నేను చుట్టాలింట్లో ఉన్నప్పుడు ఇంటికి చేరింది. తిరిగొచ్చి విప్పి చూస్తే, మర్నాడు సాయంత్రం అయిదు లోపల ధర్మపురి ఆఫీసులో హాజరు కావాలి, లేకుంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. బస్సులు సమ్మెలో ఉన్నాయి. సిరిసిల్ల పక్కనున్న మా ఊరి నుంచి పొద్దంతా తొక్కితే గాని చేరలేని దూరం. తెల్లవారి నేను బయలుదేరబోతుంటే, సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ ముగించుకొని అప్పుడే ఇల్లు చేరిన మా అన్న, నిద్ర మాటెత్తకుండా తన సైకిల్ కూడా బయటికి తీశాడు.

"ఒక్కనివెట్ల పోతవ్‌రా? నీకు తొవ్వ తెల్వదు. నడువ్."

రోహిణి కార్తె. మబ్బు పట్టి వాన పడక, గాలి ఆడక, ఒళ్లంతా తడిగుడ్డ చుట్టినట్టున్న ఉక్క. జగిత్యాల దాటేదాకా అన్నే ముందు తొక్కాడు. నా చూపంతా గడియారం మీదే ఉండి, ఆగుదామని అతను రెండుసార్లు అన్నా వినిపించుకోలేదు. ఆ తరువాత అన్న వెనకబడ్డాడు. తిరిగి చూస్తే అంత ఉక్కలోనూ చెమట ఆగి చొక్కా పొడిగా ఉంది, ముఖం ఎర్రగా కాలిపోతోంది.

"సాంచె ఆగిందిరా, పోగు తెగింది జూడు," అని కలవరిస్తూ సైకిల్‌తో సహా కూలిపోయాడు.

పక్క మామిడితోటకు కావలి ఉన్న నడివయసు ఆమె పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం కలిసి అతన్ని చెట్టు కిందికి లాగాం. నేను నీళ్ల సీసా మూత తీస్తుంటే చేతి మీద కొట్టింది.

"నోట్ల పొయ్యకు కొడుకా, పొలమారుతది. పెయ్యి మీద పొయ్యి!"

బావి నీళ్లు బిందెలతో ఒంటి మీద పోసి, గోనెసంచి తడిపి కప్పి, ఆమె విసురుతూనే ఉంది. కొంతసేపటికి ఒళ్లు చల్లబడసాగింది గాని, కళ్లు తెరిచినా అన్న నన్ను గుర్తుపట్టలేదు. మూడు దాటింది. నా జేబులోని ఉత్తరం సంగతి విని ఆమె, "గీయన్ని నేను జూస్త. నువ్వు పోయి రా," అంది.

నేను వెళ్లాను.

ఎంత చెప్పుకున్నా మార్చలేని మాట అది. దారిలో ఒకచోట కాలు నేలకానించి, సైకిల్‌ను వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకే తిప్పుకున్నాను. ఆఫీసు మూసే వేళకు చేరి సంతకం చేశాను. ఫ్యాను కింద కూర్చోమని గుమాస్తా అంటుండగానే తిరిగి సైకిలెక్కాను. ఏ మలుపులో ఏ వార్త ఎదురవుతుందోనని ప్రతి మనిషినీ భయంగా చూస్తూ, పొద్దుగూకే వేళకు తోట చేరాను. అన్న చెట్టుకు ఆనుకొని మజ్జిగ తాగుతున్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"చేరినవారా?"

మరుసటి ఎండాకాలం చీర పట్టుకొని ఇద్దరం ఆ తోటకు పోతే, ఆమె అన్నను గుర్తుపట్టింది, నన్ను పట్టలేదు. ఇప్పుడా తోట ప్లాట్లయింది, రోడ్డు వెడల్పయింది, కారు అద్దాలు ఎక్కించుకొని పోయే మాకు ఆ ఉక్క తగలనే తగలదు. ఎక్కడున్న మనిషి క్షేమమైనా క్షణంలో ఫోనులో తెలిసిపోతుంది. తెలివి వచ్చి చూసేసరికి నేను కనబడకపోతే ఏమనుకున్నావని అన్నను అడగాలని ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చాను. అడగగలిగినంత ధైర్యం వచ్చేసరికి అన్న లేడు.