అక్క తల, నా చేతులు

తాండూరు స్టేషన్ రోడ్డులో ఎవరిని అడిగినా కిష్టప్ప గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తారు: శవాలకు ఫోటో తీసేవాడు. అందులో అబద్ధం లేదు. ఆ రోజుల్లో మా వైపు మనిషి జన్మకు రెండుసార్లు ఫోటో దిగేవాడు. పెళ్ళికోసారి, పోయాక ఒకసారి. రెండోసారి దిగేటప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో ఒకరు తల జారిపోకుండా పట్టుకోవాలి. అవి తీసి తీసి ఆయనకు ఆ పేరు పడింది. కానీ ఆయన తీసిన ఫోటోల్లో సగానికి పైగా ఒకే ఒక్క పిల్లవి. ఆ పిల్లను పెంచింది నేను. ఆ ఫోటోలతో ఆయన చేసిన తప్పులో సగం వాటా కూడా నాదే. అరవై నాలుగులో ఆయన పోయాడు కాబట్టి ఇక ఈ కథ నేనే చెప్పాలి. ఊరికి వదిలేస్తే ఊరు దానికి ఇంకో నాలుగు కొమ్ములు మొలిపిస్తుంది.

కిష్టప్ప మా దేవమ్మక్క భర్త, నాకు బావ. గొర్లు కాసే ఇంట్లో పుట్టి గొర్రె వాసనంటే ముక్కు మూసుకునే రకం. చిన్నప్పుడే హైదరాబాదు పోయి ఒక ఫోటో దుకాణంలో పని నేర్చుకున్నాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య గడబిడలో ఆ దుకాణం మూతపడితే, మూడు కాళ్ళ కెమెరా ఒకటి, నల్లగుడ్డ ఒకటి భుజాన వేసుకొని తాండూరులో రైలు దిగాడు. వాళ్ళ నాయన భీమప్ప దాన్ని ఎగాదిగా చూసి, "నాలుగు కాళ్ళ గొర్రెను కాదని మూడు కాళ్ళదాన్ని తోలుకొచ్చినవా కొడుకా" అన్నాడట.

మరుసటి ఏడాది మర్పల్లి నుంచి మా అక్కను చేసుకున్నాడు. పెళ్ళినాడు తన కెమెరానే ఇంకొకరి చేతికిచ్చి ఫోటో తీయించుకున్నాడు. అందులో అక్క బుగ్గలు నిండుగా ఉంటాయి. కళ్ళు ఇంతింత చేసుకొని సూటిగా చూస్తుంటుంది. ఆ నల్లగుడ్డ కింది నుంచి ఏం దూకుతుందోనని భయపడ్డ చూపు అది.

కూతురు రుక్కమ్మ పుట్టిన పది నెలలకు అక్కకు దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గేనని కషాయాలు తాగించారు. ఒకరోజు ఉమ్మిలో నెత్తురు పడింది. క్షయ అన్నారు. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చాలని, పసిపిల్లను అక్కడికి తీసుకురాకూడదని చెప్పారు. అప్పటికి నా పెనిమిటి పాముకాటుతో పోయి ఏడాదిన్నర. పందొమ్మిదేళ్ళ వయసులో బోసి చేతులతో మర్పల్లిలో అమ్మ ఇంట్లో కూర్చున్నదాన్ని. బావ వచ్చి, "భాగమ్మా, పిల్లను జర సూసుకోవాలె" అని అడిగాడు. కాదనడానికి నాకు వేరే బతుకేదీ లేదు.

అక్క దవాఖానకు పోయేముందు ఆయనను ఒకటే కోరింది. "నా బిడ్డ ఎట్ల పెరుగుతుందో నా కండ్లకు కనపడాలె, ఏమయ్యా."

బావ ఆ మాట పట్టుకున్నాడు. చేతిలో పట్టే చిన్న డబ్బా కెమెరా ఒకటి సంపాదించి, రోజుకొక ఫోటో చొప్పున రుక్కిని తీయడం మొదలుపెట్టాడు. వాన పడ్డా, జ్వరం వచ్చినా తీయాల్సిందే. రుక్కి పొయ్యి బూడిదలో కూర్చున్నది. రుక్కి మేకపిల్ల చెవి నోట్లో పెట్టుకున్నది. రుక్కి జొన్నరొట్టెను నెత్తిన బోర్లించుకున్నది. ప్రతిదాని కింద ఒక వరుస రాసేవాడు: "ఇయ్యాల నాలుగు అడుగులేసి అయిదోదానికి పడ్డది." ఆదివారం ఏడు ఫోటోలనూ కాగితాలకు అతికించి, దారంతో కుట్టి, పొద్దుటి ప్యాసింజరులో వికారాబాదు పోయి గుట్ట ఎక్కేవాడు. అక్కకు చదువు రాదు. పక్క మంచం ఆమె చదివి వినిపిస్తే వార్డంతా నవ్వేదట.

మా పొరుగున ఉండే గోవిందమ్మ మాత్రం అరుగు మీది నుంచి ఊరుకునేది కాదు. "ముక్కు కారే పిల్లను ఎవడన్నా ఫోటో దీస్తడా కిష్టప్పా? నీకు పని లేక పిచ్చి లేసింది."

"పిచ్చే గద అక్కా, ఒకరి సొమ్ము అడుగుతలేను" అని బావ నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

రుక్కికి రెండో ఏడు వచ్చింది. మాటలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే నా కొంగు పట్టుకొని "అమ్మా" అంది. పిల్ల ఎవరిని పిలవాలో వాళ్ళనే పిలిచింది, అందులో దాని తప్పేముంది? కానీ చీకటి గదిలో ఫోటోలు కడుగుతున్న బావ విన్నాడు. తడి చేతులతోనే బయటికి వచ్చి, పెళ్ళి ఫోటో తెచ్చి దాని ముందు పెట్టి, "బిడ్డా, గిదిగో మీ అమ్మ" అన్నాడు. రుక్కి ఆ కాగితం వంక చూసింది. మళ్ళీ నా కొంగు పట్టుకొని "అమ్మా, బువ్వ" అంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మూడో రోజున నా దగ్గరికి వచ్చి నేల చూపులు చూస్తూ చెప్పాడు. "కోపం చేయకు భాగమ్మా. మీ అక్క చీర కట్టుకొని, గాజులేసుకొని, రోజూ చేసే పనే చెయ్యి. నేను ఫోటో తీస్త. తల కాడ మీ అక్క తల అంటిస్త."

"గాజులా బావా? జనం సూస్తే?"

"జనానికేం తెలుస్తది? తల నీది ఉండదు గద."

చచ్చినవాళ్ళను బతికున్నవాళ్ళ పక్కన నిలబెట్టడం ఫోటోల వాళ్ళకు తెలిసిన విద్యే. బావకు అందులో మంచి చెయ్యి. పెళ్ళి ఫోటోలోంచి అక్క తలను చిన్నది, పెద్దది, మధ్యరకం అని మూడు కొలతల్లో తీసిపెట్టుకున్నాడు. సన్న కత్తెరతో చుట్టూ కోసి, వెనకవైపు బ్లేడుతో గీకి గీకి ఉల్లిపొర లాగా చేసి, మైదాతో నా మెడ మీద అతికించేవాడు. అతుకు కనపడకుండా కుంచెతో దిద్ది, దానికి మళ్ళీ ఫోటో తీసేవాడు. గుట్ట మీదికి పోయేవి ఉత్త రుక్కి ఫోటోలు. ఇంటి గోడకు ఎక్కేవి ఇవి.

అట్లా గోడ మీద అక్క సంసారం మొదలైంది. అక్క రొట్టె తట్టింది. అక్క రుక్కికి నీళ్ళు పోసింది. అక్క జడ వేసింది. కానీ ఉన్నది ఒక్క తలే కాబట్టి, రొట్టె తట్టినా, నీళ్ళు పోసినా పని వంక గానీ పిల్ల వంక గానీ చూడదు. కళ్ళు పెద్దవి చేసుకొని మా అందరి వంకా సూటిగా చూస్తుంటుంది. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైంది. అసలు మాట దాచి లాభం లేదు, తర్వాత బాగుండేది కూడా. గాజులు తొడుక్కున్న ఆ పావుగంట కోసం పొద్దున్నుంచి చూసేదాన్ని. ఫోటో అయిపోయాక వాటిని తీయడానికి చేతులు వచ్చేవి కావు.

సాయంత్రం బావ పిల్లను ఎత్తుకొని గోడ దగ్గర నిలబడేవాడు. "అమ్మ ఏం జేస్తుంది?" "లొట్టె కొడుతుంది." "అమ్మ ఎక్కడుంది?" "గోడ మీద." అట్లా నేను దానికి చిన్నమ్మనయ్యాను. బావ సంబరానికి హద్దు లేదు.

గుట్ట మీది అక్కను ఉన్నది ఉన్నట్టు ఒక్క ఫోటో తీసి పిల్లకు చూపించమని నేను ఒకసారి అన్నాను. "గా బొక్కల గూడును సూస్తే పిల్ల జడుసుకుంటది. నయమై వచ్చేటాల్లకు బుగ్గలు మళ్ళ నిండుతయి తియ్యి" అన్నాడు. నేనూ తల ఊపాను.

అక్కకు నయమైంది. బుగ్గలు నిండలేదు. యాభై అయిదులో, మూడేళ్ళ మీద రెండు నెలలకు, తాండూరు స్టేషన్లో రైలు దిగిన మనిషిని నేనే ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయాను. జుట్టు సగం పోయింది. ఒక భుజం కిందికి దిగింది. ఆమె చేతులు చాచితే రుక్కి నా వెనక నక్కింది.

"అమ్మ వచ్చిందే బిడ్డా" అన్నాడు బావ.

"గీమె అమ్మ గాదు. అమ్మ ఇంట్ల ఉన్నది."

ఇంటికి రాగానే పరుగెత్తిపోయి, వచ్చిన కొత్తామెకు గోడ మీద తన అమ్మను చూపించింది. వీటి సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఒక్కో ఫోటోనే చూసుకుంటూ పోయింది. మా ఇద్దరి చేతులకు ఒక తేడా ఉంది. చిన్నప్పుడు పచ్చబొట్టు పొడిచే ఆమె వస్తే అక్క ఏడ్చి పారిపోయింది, నేను పొడిపించుకున్నాను. ప్రతి ఫోటోలో ముంజేతి మీద నా తేలు బొమ్మ ఉంది. తల అతికించిన మనిషికి చెయ్యి దిద్దాలని తోచలేదు.

అక్క అరవలేదు. నాపరాళ్ళ మీద కూర్చొని ఆయాసం తీర్చుకొని, నా వంక చూసి మెల్లగా అడిగింది. "తలకాయ నాది. ఒళ్ళు నీది. మరి నడుమ గా పిల్ల ఎవలదే భాగీ?"

నేను కొంగును ముంజేతి మీదికి లాక్కున్నాను.

బావ ఆ రోజే ఫోటోలన్నీ ఊడబీకాడు. అమ్మను ఎక్కడికి పంపావని రుక్కి రోజంతా గుక్కపట్టి ఏడ్చింది. పొద్దు గూకే వేళకు అక్కే లేచి వాటిని తిరిగి మేకులకు తగిలించింది. నేను మర్పల్లి పోతానంటే వద్దంది. "నాకు లేని పిల్లను నీకు గూడ లేకుండ చేస్తే ఏమొస్తది? ఉండు."

తెల్లారి బావ కెమెరా తీసి, ఆమెను కూర్చోమన్నాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "రుక్కి తనంతట తాను నా ఒళ్ళె కూసున్ననాడు తియ్యి. అప్పటిదాక నన్ను దియ్యొద్దు."

ఆ ఒక్క ఫోటో కోసం ఆ ఇంట్లో ఎనిమిది నెలలు గడిచాయి. బావ రోజూ పొద్దున కెమెరా సిద్ధం చేసేవాడు. అక్క పిల్లను పిలవదు, పట్టుకోదు. రొట్టె తుంచి అరచేతిలో పెట్టుకొని ఊరికే కూర్చుంటుంది. రుక్కి పిట్ట లాగా వచ్చి తీసుకొని పారిపోతుంది. ఒకనాడు అక్క ట్రంకు పెట్టెలోంచి పెళ్ళిచీర తీసి కట్టుకుంది. తల నున్నగా దువ్వి, గోడ కింద కూర్చొని, కళ్ళు ఇంతింత చేసుకొని సూటిగా చూసింది. గోడ మీది తన ఫోటోను తనే అనుకరిస్తోందని నాకు అర్థమైంది. రుక్కి గోడ వంక చూసింది. అక్క వంక చూసింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. బావ కెమెరా పైకెత్తాడు. అంతలో అక్కకు దగ్గు తెర వచ్చింది. పిల్ల బెదిరి నా దగ్గరికి ఉరికింది.

మృగశిర కార్తెలో నెత్తురు మళ్ళీ పడింది. వెంటనే గుట్టకు తీసుకురమ్మన్నారు. పిల్లను మాత్రం ఒళ్ళోకి ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పారు. బయల్దేరే పొద్దున అక్క తన పంతం తానే విడిచింది. "ఒళ్ళె వద్దు. పక్కన నిలబడితే చాలు. తియ్యి" అంది.

బావ ముంగిట్లో కుర్చీ వేసి, మూడు కాళ్ళ కెమెరా నిలబెట్టాడు. అక్క కూర్చుంది. నేను రుక్కికి రిబ్బను కట్టి కుర్చీ పక్కన నిలబెట్టాను. అది రెండు బారల దూరం జరిగింది. మళ్ళీ తెచ్చాను, మళ్ళీ జరిగింది. బావ నల్లగుడ్డలోంచి తల బయటికి పెట్టి, "బిడ్డా, ఒక్కసారి అమ్మ దగ్గర నిలబడు" అని బతిమాలాడు.

అయిదేళ్ళ పిల్ల తండ్రికి బుద్ధి చెప్పినట్టుగా చెప్పింది. "ఆమె ఎందుకు నాయినా? నన్ను దియ్యి. అమ్మను తర్వాత అంటిస్తవు గద."

అక్క కుర్చీ చేతులు పట్టుకొని లేచి, పక్కకు వచ్చి నా దగ్గర నిలబడింది. "పిల్ల చెప్పింది నిజమే. దాన్నే తియ్యి, రైలుకు యాల్లయితుంది" అంది. రుక్కి తనే వచ్చి ఖాళీ కుర్చీ పక్కన నిలబడింది, బావ తీశాడు. ఆమె చెప్పింది కాబట్టి తీశాడు.

ఆ బతుకమ్మ పండుగ ముందర అక్క అనంతగిరిలోనే పోయింది. ఆ తర్వాత రుక్కి ఖాళీ కుర్చీ పక్కన తాను నిలబడ్డ ఆ ఫోటోను పట్టుకొని రోజూ చీకటి గది తలుపు దగ్గరికి పోయేది. "నాయినా, అమ్మను ఎప్పుడు అంటిస్తవు?" బావ దగ్గర అక్క తలలు మూడు కొలతల్లో ఇంకా చాలానే ఉన్నాయి. ఆయన కత్తెర ముట్టలేదు. రుక్కి అడగడం మానడానికి రెండేళ్ళు పట్టింది.